పదకొండు మంది పిల్లలు, ఒకే చాప

కౌలాలంపూర్‌లో దీపావళి తోరణాలు దించీ దించకముందే మాల్స్‌లో క్రిస్మస్ చెట్లు లేచి నిలబడతాయి. బయట 32 డిగ్రీల ఉక్క, సాయంత్రమైతే కుండపోత వాన. లోపల ఏసీ చలిలో దూది మంచు, మంచు మధ్యలో దుప్పి బొమ్మలు. మిడ్ వ్యాలీ మెగామాల్‌లో ఆ చెట్టు కింద నిలబడి ఫోటో తీసుకోని తెలుగు కుటుంబం ఇక్కడ ఉండదేమో. నాకు మాత్రం ఆ చెట్టు కనబడగానే గుర్తొచ్చేది నా లిస్టు. మా అత్తగారింట్లో పదకొండు మంది పిల్లలు. పెద్దవాడికి 17 ఏళ్ళు, చిన్నదానికి ఏడాది నిండి రెండు నెలలు.

నేను గుంటూరు దగ్గర పుట్టి పెరిగాను. మా ఇంట్లో క్రిస్మస్ అంటే కొత్త బట్టలు, వాకిట్లో కాగితం నక్షత్రం, అరిసెలు, అర్ధరాత్రి దాటాక వచ్చే కేరల్స్ వాళ్ళకి టీ. రంగు కాగితం చుట్టిన గిఫ్టు అనేది సినిమాల్లో చూడటమే. నాన్న ఒకే తానులోంచి గుడ్డ చింపించేవారు. అక్కకి పరికిణీ, నాకు గౌను, తమ్ముడికి చొక్కా, మిగిలిన ముక్కతో దిండు గలేబు. పోలిక పెట్టుకుని ఏడవడానికి అవకాశమే ఉండేది కాదు. ఇక్కడికి కోడలిగా వచ్చాక తెలిసింది, ఎవరికి తగ్గ వస్తువు వాళ్ళకి కొనడం ఎంత పెద్ద పనో.

మావారి తాతగారి తండ్రి ఉత్తరాంధ్ర నుంచి వచ్చి పెరాక్ రాష్ట్రంలో బగాన్ దాతుక్ వైపు కొబ్బరి తోటల్లో పనికి కుదిరారట. అక్కడ చాలా తెలుగు కుటుంబాలది ఇదే కథ. ఇప్పుడు తోటపని చేసేవాళ్ళు మా ఇంట్లో ఎవరూ లేరు కానీ, పాత ఇల్లు ఉంది, అందులో అత్తయ్య మామయ్య ఉన్నారు. మావాళ్ళలో సగంమంది చర్చికి వెళతారు, సగంమంది రాములవారి గుడికి. మా అత్తయ్య రెండిటికీ కొబ్బరికాయలు పంపుతుంది. డిసెంబరు 25 దేశమంతా సెలవు కాబట్టి నలుగురు సంతానమూ ఆ రోజుకి ఆ ఇంట్లో ఉండాలన్నది ఆవిడ పెట్టిన నియమం.

వదినకి ముగ్గురు: 17, 16, 12. సింగపూర్‌లో ఉండే బావగారికి ముగ్గురు: 14, 10, 7. మాకు ఇద్దరు: 9, 3. ఈపోలో ఉండే మరిదికి ముగ్గురు: 6, 4, ఏడాది పాప. వీళ్ళల్లో కొందరికి నేను అత్తని, కొందరికి పిన్నిని, కొందరికి పెద్దమ్మని. బి.ఎస్సీ. చదివిందని, ఖాళీగా ఉంటుందని (ఇది వాళ్ళ మాట) ఆరేళ్ళ క్రితం ఈ గిఫ్టుల బాధ్యత నాకు అప్పజెప్పారు.

అంతకు ముందు ఎవరి కొనుగోళ్ళు వాళ్ళవే. ఓ ఏడాది బావగారు తన పిల్లలకి టాబ్లెట్లు తెచ్చి అందరి ముందే విప్పించారు. ఆ ఏడే మరిది పనిచేసే చోట మనుషుల్ని తీసేశారు, అందులో అతనూ ఉన్నాడు. అతని పెద్దవాడు ఇంకా మాటలు రాని వయసు, వాడికేం తెలియలేదు. కానీ మా తోటికోడలు వంటింట్లో అంట్లు తోముతూ వెనక్కి తిరగకుండా నిలబడటం నేను చూశాను. అందుకే పని నా చేతికి రాగానే అత్తయ్యతో ఒక మాట అనిపించాను: డబ్బంతా ఒక్క డబ్బాలో పడాలి, ఎవరెంత వేశారో ఎవరూ అడగకూడదు. పొట్లం మీద పుచ్చుకునేవాళ్ళ పేరు ఉంటుంది, ఇచ్చినవాళ్ళ పేరు ఉండదు. తల్లిదండ్రులు సొంత పిల్లలకి కొనే ఖరీదైనవి ఎవరి ఇంట్లో వాళ్ళు విప్పుకోవాలి. ఒక్కో పిల్లకి 40 రింగిట్లు హద్దు. బావగారు మొదట కాస్త ముఖం ముడుచుకున్నారు, తర్వాత అందరికన్నా ముందు డబ్బు పంపేది ఆయనే.

లిస్టు మాత్రం నేను పెద్దవాళ్ళ నుంచి మొదలుపెట్టను, అందరికన్నా చిన్నదాని నుంచి పైకి వెళతాను. ఎందుకంటే ఆ రోజు పదకొండు పొట్లాలూ ఒకే హాల్లో, ఒకే చాప మీద విప్పుతారు. పన్నెండేళ్ళవాడికి కొన్న వస్తువు ఐదు నిమిషాల్లో ఏడాది పాప నోట్లో ఉంటుంది. పెట్టె మీద 8+ అని రాసినంత మాత్రాన పాప చదివి పక్కకి తప్పుకోదు కదా!

ముందు బటన్ బ్యాటరీల గురించి చెప్పాలి. పాటలు పాడే బొమ్మలు, వెలిగే బూట్లు, మోగే గ్రీటింగ్ కార్డులు, చిన్న రిమోట్లు, అన్నిట్లో ఉండేవి ఇవే. వాటిలో ఎక్కువగా కనబడే 2032 రకం 20 మిల్లీమీటర్ల వెడల్పుంటుంది, పసిపిల్లల అన్నవాహికలో ఇరుక్కోవడానికి సరిగ్గా సరిపోయే కొలత. ఇరుక్కున్నాక అది విషం కక్కుతుందని చాలామంది అనుకుంటారు. అసలు సంగతి వేరు. చుట్టూ ఉన్న తడి వల్ల కరెంటు ప్రవహిస్తుంది, రుణధ్రువం దగ్గర క్షారం తయారవుతుంది. సింకు పైపుల్లో పోసే పొడిలో ఉండే లాంటి క్షారమే. రెండు గంటల్లోనే లోపలి కండని తీవ్రంగా కాల్చేయగలదు. బొమ్మ ఆడటం మానేసింది కదా, బ్యాటరీ అయిపోయింది కదా అని ధైర్యపడటానికీ లేదు. బొమ్మని ఆడించలేని బ్యాటరీలో కూడా ఇంత పని చేసే శక్తి మిగిలి ఉంటుంది. మింగిందని అనుమానం వచ్చినా చాలు, వాంతి చేయించే ప్రయత్నం చేయకుండా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్ళాలి, ఎక్స్‌రే తీయించాలి.

ఒకసారి ఎవరో బంధువులు తెచ్చిన పాడే దుప్పి బొమ్మ మా ఇంట్లో ఉండేది. దాని వెనక మూత గోటితో లాగితే ఊడొచ్చింది. స్క్రూ లేదు. ఆ రోజు నుంచి నా పర్సులో చిన్న స్క్రూడ్రైవర్ ఉంటుంది. దుకాణంలో డెమో బొమ్మని తిరగేసి మూత చూస్తుంటే సేల్స్ అమ్మాయిలు నవ్వుకుంటారు, నవ్వుకోనివ్వండి. మలేషియాలో 2009 నాటి బొమ్మల భద్రతా నియమాల ప్రకారం, 14 ఏళ్ళలోపు పిల్లల కోసం అమ్మే బొమ్మల మీద ఎం.సి. అనే గుర్తు ఉండాలి. పెట్టె వెనక ఆ గుర్తు లేకపోతే నేను కిందపెట్టేస్తాను. ఆన్‌లైన్‌లో చవగ్గా వచ్చేవాటికి చాలాసార్లు పెట్టే ఉండదు, ఇక గుర్తెక్కడ చూస్తాం?

బలమైన చిన్న అయస్కాంతపు గోళీలు మా లిస్టులోకే రావు. ఒకటి మింగితే బయటికి పోవచ్చు, రెండు మింగితే పేగు గోడకి అటొకటి ఇటొకటి అతుక్కుని మధ్యలో పేగుని నొక్కేస్తాయి. నీళ్ళలో వేస్తే ఉబ్బే రంగు పూసలూ అంతే. మూడేళ్ళలోపు పిల్లల బొమ్మల్ని పరీక్షించే గొట్టం వెడల్పు 31.7 మిల్లీమీటర్లు. ఇంట్లో అది ఉండదు కాబట్టి టాయిలెట్ పేపర్ చుట్టిన అట్టగొట్టం వాడతాను. అది ఇంకాస్త వెడల్పు, అంటే ఇంకాస్త జాగ్రత్త. గొట్టంలోంచి జారిపడే వస్తువేదైనా చాప మీదికి రాదు, బల్ల మీదికి పోతుంది.

ఇంతా చెప్పి, మరి ఏం కొంటావమ్మా అంటారు. పాపకి గుడ్డతో కుట్టిన పుస్తకం. మూడేళ్ళ మావాడికీ నాలుగేళ్ళదానికీ కలిపి డుప్లో ఇటుకలు. ఆరేళ్ళవాడికీ ఏడేళ్ళదానికీ మామూలు లెగో. డుప్లో ఇటుక పొడవు, వెడల్పు, ఎత్తు అన్నీ లెగోకి రెట్టింపు, కాబట్టి పరిమాణం ఎనిమిది రెట్లు. పైగా చిన్న ఇటుకలు పెద్దవాటి మీద కూర్చుంటాయి. బల్ల మీద, పెద్దవాళ్ళ కళ్ళ ముందు, చిన్నవాళ్ళు కట్టిన గోడ మీద పెద్దవాళ్ళు కిటికీలు పెట్టుకోవచ్చు. తొమ్మిదేళ్ళ మా అమ్మాయికీ బావగారి పదేళ్ళవాడికీ ఏ గిఫ్టు ఇచ్చినా ఒకరిది ఒకరికి కావాలి, అందుకని వాళ్ళకి విడివిడిగా కొనడం మానేశాను. ఇద్దరి 80 రింగిట్లూ కలిపి ఒకటే కొనడానికి పోయినేడు సెంట్రల్ మార్కెట్‌కి వెళ్ళాను.

పసార్ సెని స్టేషన్ దిగితే నాలుగడుగులు. 1888లో కూరలు, చేపలు, మాంసం అమ్మే సంతగా మొదలైన చోటు, ఇప్పుడు చేతిపని వస్తువుల అంగళ్ళు. బాతిక్ గుడ్డలు, గాలిపటాలు, బొంగరాలు దాటుకుంటూ వెళుతుంటే ఒక అంగట్లో పడవ ఆకారంలో చెక్క కనబడింది. రెండు వరసల గుంటలు, వరసకి ఏడు. నా కాళ్ళు ఆగిపోయాయి. అది మన వామనగుంటల చెక్కే! మలయ్ వాళ్ళు దాన్ని చొంకాక్ అంటారు. తేడా ఒక్కటే, చివర్లలో అటొకటి ఇటొకటి పెద్ద గుంటలున్నాయి, వాటిని ‘రుమా’ అంటే ఇల్లు అంటారు. నేను అమ్మమ్మతో ఆడిన చెక్కకి ఇళ్ళు లేవు, గెలిచిన చింతపిక్కలు ఒళ్ళో వేసుకోవడమే. అంగడి ఆవిడ తలకి గుడ్డ సర్దుకుంటూ కూర్చుని ఆడి చూపించింది. ఆట నేర్పడానికి మాకు భాష పెద్దగా అవసరం పడలేదు. ‘బతు సెరెంబాన్’ అని ఐదు చిన్న గుడ్డసంచులు కూడా ఇచ్చింది, చూస్తే అవి మన అచ్చనగాయలు. ఈ ఆటలు ఎటునుంచి ఎటు ప్రయాణం చేశాయో కానీ, మా పిల్లల కన్నా ముందే సముద్రం దాటాయి.

గుంటకి ఏడు చొప్పున పద్నాలుగు గుంటలకి 98 గవ్వలు. చాప మీద పాప ఉండే ఇంట్లో 98 గవ్వలా అనుకున్నాను. అందుకని ఒక షరతు రాసి చెక్క వెనక అతికించాను: ఆట బల్ల మీదే, ఆట అయ్యాక 98 లెక్క తేలేదాకా ఎవరూ కుర్చీ దిగకూడదు.

పన్నెండేళ్ళవాడికి చదరంగం, పధ్నాలుగేళ్ళవాడికి తను అడిగిన బాడ్మింటన్ షటిల్స్. పదిహేడేళ్ళవాడికి కవర్లో డబ్బు. చైనీస్ వాళ్ళ ఎర్ర కవర్లు, మలయ్ వాళ్ళ ఆకుపచ్చ కవర్లు చూసి పెరిగిన పిల్లలకి కవరంటే తక్కువ మర్యాదేం కాదు. వీటికి ఎక్కువ ఆలోచన పట్టలేదు.

ఆలోచన పట్టింది పదహారేళ్ళదానికి. ఆ వయసు ఆడపిల్ల సంగతి మీకు తెలిసిందే. అన్న క్యారమ్స్ ఆడుతుంటే తను గారెల పిండి రుబ్బుతుంటుంది. గిఫ్టులు విప్పే వేళకి పాపని ఎత్తుకునేది తనే. రెండేళ్ళుగా వదిన ‘దానికెందుకులే, పెద్దదైంది, ఓ డ్రెస్సు చాలు’ అంటోంది. డ్రెస్సు వాళ్ళమ్మ ఎలాగూ కొంటుంది. నేను గమనించింది ఏమిటంటే, ఆ పిల్లకి ఆ ఇంట్లో గానీ వాళ్ళింట్లో గానీ తనదంటూ ఒక సొరుగు లేదు. నోటు పుస్తకం ఎక్కడ పెట్టినా తమ్ముడు బయటికి తీసి చదువుతాడు. మిస్టర్ డి.ఐ.వై.లో తాళంచెవితో ఉండే ఇనుప డబ్బా దొరికింది, డబ్బులు దాచుకునే రకం. 40 కన్నా తక్కువే అయింది. మిగిలినదానికి గట్టి అట్ట నోటుబుక్కు, రెండు మంచి పెన్నులు.

డిసెంబరు 24 ఉదయం బయలుదేరాం. కువాలా సెలంగోర్ మీదుగా పాత రోడ్డు పట్టుకుంటే సెకించాన్ దగ్గర వరిచేలు వస్తాయి. అక్కడ కారాపి టీ తాగడం మాకు అలవాటు, గోదావరి జిల్లాలో ఉన్నట్టే ఉంటుందని నేనంటాను, మావారికి ఇంకా నమ్మకం కుదరలేదు. సబాక్ బెర్నాం దాటి బెర్నాం నది వంతెన ఎక్కితే పెరాక్. హుతాన్ మెలింతాంగ్ నుంచి ఇక కొబ్బరి, పామాయిల్ తోటలే.

మర్నాడు భోజనాల ముందు పొట్లాలు విప్పారు. వదిన కూతురు డబ్బా చూసి ఏమీ అనలేదు, తాళంచెవి తీసి చేత్తో పట్టుకుంది. వదినే అంది, ‘‘ఆడపిల్లకి తాళం ఎందుకే? అమ్మ దగ్గర దాచేదేముంటుంది?’’ హాల్లో అందరూ వింటున్నారు. ‘‘దాచడానికి కాదు వదినా, దాని వస్తువు దానిదని చెప్పడానికి’’ అన్నాను. వదిన ముఖం మారింది, ఇంకేదో అనబోయింది. తమలపాకులు తుడుస్తున్న అత్తయ్య తలెత్తకుండానే అంది, ‘‘నా ట్రంకుపెట్టి తాళం నా మొలనే ఉందిగా. ఎవురైనా అడిగారా నన్ను?’’ వదిన నవ్వలేదు, కానీ డబ్బా వెనక్కీ ఇమ్మనలేదు. సాయంత్రం ఆ తాళంచెవి పిల్ల మెళ్ళో, సన్న గొలుసుకి కనబడింది. ఆ పూట పిండి రుబ్బింది పదిహేడేళ్ళవాడు. చెప్పింది మామయ్య. బాగా రుబ్బాడని మాత్రం అనలేను.

చొంకాక్ చెక్క దగ్గర తగువు మొదలైంది. పదేళ్ళవాడు మలయ్ పద్ధతిలో ఇంట్లో గవ్వ వేయాలంటాడు, అత్తయ్య వాళ్ళమ్మ నేర్పిన పద్ధతిలో ఇల్లు లేదంటుంది. మా అమ్మాయి ఇద్దరికీ అంపైరు. చివరికి చెరొక ఆట చెరొక పద్ధతిలో అని ఒప్పందం కుదిరింది. బయట వాన, హాల్లో బల్ల చుట్టూ ఎనిమిది తలలు. ఆట అయ్యాక లెక్కపెడితే 97 వచ్చాయి. తోటికోడలు చప్పున పాప నోరు తెరిచి చూసింది, ఏమీ లేదు. బల్ల కింద, కుర్చీల కింద, చాప మడతల్లో వెతికాం. కుర్చీ దిగకుండా కూర్చున్నది అత్తయ్య ఒక్కర్తే. ‘‘నాయనమ్మా, చెయ్యి చూపించు’’ అన్నాడు పదేళ్ళవాడు. ఆవిడ కుడి చెయ్యి చూపించింది. ‘‘ఆ చెయ్యి కాదు’’ అన్నాడు.