వెంపలి చెట్టుకు నిచ్చెన ఎందుకు?

బనగానపల్లె అనగానే మీకేం గుర్తొస్తుంది? మామిడిపండే కదూ! మాకూ అంతే. కానీ క్రిందటి కార్తీకంలో అత్తనూ, మా అబ్బాయినీ తీసుకుని యాగంటి ఉమామహేశ్వరుణ్ణి చూసి వస్తూ, దారిలో రవ్వలకొండ దగ్గర ఆగాం. బనగానపల్లె పేరు చెబితే ఇప్పుడు నాకు గుర్తొచ్చేది పండు కాదు, ఓ చిన్న ఊదారంగు పువ్వు.

పోతులూరి వీరబ్రహ్మంగారు 17వ శతాబ్దంలో గరిమిరెడ్డి అచ్చమ్మగారి ఆవులు మేపుతూ, ఈ కొండ గుహలోనే తాటాకుల మీద కాలజ్ఞానం రాశారని చెబుతారు. మంద చుట్టూ గీత గీసి ఆయన గుహలోకి వెళ్లిపోతే, ఒక్క ఆవూ ఆ గీత దాటేది కాదట. లోపల చల్లగా, చీకటిగా ఉంది. తల వంచుకుని నడవాల్సిందే.

బయటికొచ్చి నీడన కూర్చుని పులిహోర పొట్లాలు విప్పాం. బ్రహ్మంగారు చెప్పారని మన వైపు అనుకునే మాటలు అత్త మనవడికి ఒక్కొక్కటే చెబుతోంది. "కలికాలం ముదిరితే మనుషులు వెంపలి చెట్లకు నిచ్చెనలేసుకుని ఎక్కుతారంట నాయనా!"

"వెంపలి చెట్టంటే ఎంతుంటుందవ్వా? తాటిచెట్టంతా?" అన్నాడు వాడు తలెత్తి చూస్తూ. చెప్పమన్నట్టు నా వైపు తిరిగాడు. ఆ సామెత నేను వెయ్యిసార్లు విని ఉంటాను. చెట్టు ఏదో మాత్రం నాకూ తెలీదు!

అత్త పకపకా నవ్వింది. "పైకి చూస్తాండావేందిరా? నీ కాళ్ల కాడే ఉంది."

నిజమే. రాళ్ల మధ్య, వాడి మోకాలెత్తు మొక్క. రెండు వరుసల్లో సన్నటి ఆకులు, చివర ఇంకొకటి. చిక్కుడు పువ్వు పోలికలో ఊదారంగు పూలు, కాస్త వంపు తిరిగిన చిన్న చిన్న చదును కాయలు. ఎంత పెరిగినా మన నడుము దాటడం అరుదు. దానికి నిచ్చెన వేయాలంటే మనిషి ఎంత కురచైపోవాలో చూడండి!

తూర్పు ఆఫ్రికా నుంచి మన దేశం మీదుగా ఆస్ట్రేలియా దాకా, వేడి ప్రాంతాల్లో దానంతటదే పెరిగే మొక్క ఇది. వేరు లోతుగా దిగుతుంది కనుక ఎండకు ఓర్చుకుంటుంది. చిక్కుడు కుటుంబంది కాబట్టి వేళ్ల బుడిపెల్లో నత్రజనిని పట్టి ఉంచుతుంది. అందుకే వరిమడి దమ్ము చేసేటప్పుడు వెంపలి రొట్ట వేసి తొక్కేవారు. "మా నాయన బండ్లకొద్దీ తోలేవాడు" అంది అత్త.

తర్వాత ఓ ఆకు తెంపి, కొస పట్టుకుని మెల్లగా లాగింది. ఆకు తిన్నగా చిరగలేదు, బాణం వెనక ఈకల్లా కోసుగా విడిపోయింది. సంస్కృతంలో దీన్ని శరపుంఖ అంటారు. శరం అంటే బాణం, పుంఖం అంటే దాని వెనక కొస. ఇంక మావాణ్ణి పట్టతరమా! పది ఆకులు చింపి చూశాడు.

"కామెర్లకు దీని వేరు మంచిదంటారు కదత్తా?" అన్నాను. ఆమె చేతిలో ఆకు అలాగే ఉండిపోయింది.

"మా తమ్మునికి అదే పోసినారు. మూడు వారాలు పసరు తాగించి, కడుపు ఉబ్బినాక ఆస్పత్రికి ఎత్తుకపోయినాం. ఇరవై రెండేండ్లు వానికి." కాసేపాగి మళ్లీ అంది. "చెట్టును అనేదేముందమ్మా. ఆలస్యం మాది."

ఆ తమ్ముడి ఫోటో మా ఇంట్లో ఉంది. ఎలా పోయాడో అంతవరకూ నేనడగలేదు.

కాలేయానికి, ప్లీహానికి శరపుంఖను వైద్యులు వాడటం ఆయుర్వేదంలో ఉన్నదే. కాదనను. కానీ కామెర్లు ఒక్క కారణంతో వచ్చేవి కావు. వైరస్ కావచ్చు, పిత్తాశయంలో రాయి కావచ్చు, ఇంకా పెద్ద జబ్బే కావచ్చు. పైగా ఈ జాతి మొక్కల ఆకు దంచి మడుగులో కలిపి, చేపలకు మత్తెక్కించి పట్టడం చాలాచోట్ల ఉంది. చేపను తేలవేసే ఆకును మోతాదు తెలియకుండా మనం తాగొచ్చా? ఇంట్లో ఎవరి కళ్లయినా పచ్చబడితే ముందు డాక్టరు దగ్గరికి, రక్తపరీక్షకు పరుగెత్తండి. పసరు పేరుతో ఒక్క రోజు కూడా పోగొట్టుకోకండి.

మీరూ వెళ్తారా? నంద్యాల నుంచీ, కర్నూలు నుంచీ బనగానపల్లెకు బస్సులున్నాయి. వానలు వెనుకబట్టాక వెళ్తే ఎండ బాధ ఉండదు, వెంపలి పూతా చూడొచ్చు. నీళ్లూ, పెరుగన్నమూ వెంట ఉంచుకోండి. పిల్లలకు కొండ దగ్గర సామెత చెప్పి, చెట్టు వాళ్లనే వెతకమనండి. ఇంట్లో పెద్దవాళ్లుంటే తప్పకుండా తీసుకెళ్లండి. మనం ఎన్నడూ అడగని సంగతులు వాళ్ల దగ్గర ఎన్ని ఉన్నాయో!