టికెట్ లేని స్టేజీ.. పెద్దగట్టు

డ్యాన్సు, కథ లైవ్‌లో చూడాలంటే మిర్యాలగూడ నుంచి హైదరాబాద్ రవీంద్రభారతి దాకా పోవాలా? రెండేళ్లకోసారి అక్కర్లేదు. సూర్యాపేట దగ్గర హైవే పక్కనే దురాజ్‌పల్లి. అక్కడి పెద్దగట్టు మీద లింగమంతుల స్వామి జాతర. 2025లో ఫిబ్రవరి 16 నుంచి 20 దాకా జరిగింది.

గజ్జెల లాగులు, చేతుల్లో కటార్లు, భేరీల మోత, ‘ఓ లింగా’ కేకలు. యాదవులు గుంపులుగా ఆడుతూనే గుట్టెక్కుతారు. తెర లేదు, కుర్చీల్లేవు. చూడ్డానికొచ్చినోళ్ల కాళ్లూ ఆగవు.

ఇక ఒగ్గుకథ. ప్రధాన కథకుడు కథ చెప్తాడు, పాడతాడు, చిటికెలో పాత్ర మారిపోతాడు. రీల్‌కి ముప్పై సెకన్లు చాలు, ఈ కథకు రాత్రంతా కావాలి. వినేవాళ్లు లేకపోతే చెప్పేవాళ్లూ మిగలరు. మళ్లీ జాతరకు వెళ్తే వీడియో తీసుకోండి, తర్వాత ఫోన్ జేబులో పెట్టి గంటసేపు కూర్చోండి.