మూకుడులో అడవి

మా నాన్నది చీపురుపల్లిలో టిఫిన్ కొట్టు. పొద్దున్న పూరీలు, సాయంత్రం బజ్జీలు. కనకమహాలక్ష్మి అమ్మవారి జాతర రోజుల్లో అయితే మూకుడు పొయ్యి దిగదు. ఇంట్లో ఆవకాయకీ పులిహోరకీ నువ్వుల నూనె, కొట్టుకి పామాయిలు. ఇది మా ఇంటి రాజ్యాంగం. చలికాలం తెల్లారుజామున డబ్బాలో నూనె తెల్లగా పేరుకుపోయి ఉండేది. దాన్ని పొయ్యి పక్కన పెట్టి కరిగించడం, బడికి వెళ్లేముందు నా పని.

ఆ నూనె ఎక్కణ్ణుంచి వస్తుందో నేనెప్పుడూ ఆలోచించలేదు. 2022 ఏప్రిల్ 28న ఇండోనేషియా పామాయిలు ఎగుమతులు ఆపేసింది. అప్పటికే ఉక్రెయిన్ యుద్ధంతో సన్‌ఫ్లవర్ నూనె ధర మండిపోతోంది. నేను హైదరాబాదులో ఆఫీసులో ఉండగా నాన్న ఫోన్ చేశాడు.

"ఒరే, ఈ ఇండోనేషియావోళ్లకి ఏటొచ్చిందిరా?"

మూడు వారాల తర్వాత నిషేధం ఎత్తేశారు. ఈలోగా నాన్న ధర పెంచలేదు గానీ బజ్జీ సన్నబడింది.

నేను మాత్రం ఆ మూడు వారాలూ చదువుతూ కూర్చున్నాను. ప్రపంచంలో పామాయిలు దాదాపు 85 శాతం ఇండోనేషియా, మలేషియాల నుంచే వస్తుంది. అందరికంటే ఎక్కువ కొనేది మనమే. సుమత్రా, బోర్నియోల్లో వానకారు అడవుల కింద కొన్నిచోట్ల మామూలు మట్టి ఉండదు. వేల ఏళ్లుగా రాలిన ఆకులూ కొమ్మలూ నీటిలో సగం కుళ్లి పేరుకున్న నల్లటి నేల ఉంటుంది. తోటలు వెయ్యడానికి కాలవలు తవ్వి ఆ నీళ్లు తోడేస్తారు. ఎండిన నేల అంటుకుంటే మంట పైకి కనపడకుండా లోపల్లోపలే వారాల తరబడి కాలుతుంది. 2015లో అలా లేచిన పొగ సింగపూరునీ మలేషియానీ కమ్మేసింది. ఒరాంగుటాన్ల ఫోటోలు చూసి బాధపడటం తేలికే. నా ఇంజనీరింగు ఫీజు కట్టింది ఆ నూనే అని గుర్తొచ్చాక ఫోటోలు చూడలేకపోయాను.

ఇది మా చిన్నతాతకి చెప్తే నవ్వాడు. ఆయన డెబ్భైల చివర్లో విశాఖపట్నంలో ఓడెక్కి అండమాన్ వెళ్లినవాడు. మా వైపు నుంచి అలా వెళ్లినవాళ్లు చాలామంది. పోర్ట్‌బ్లెయిర్‌లో తెలుగు వినబడటం వింతేం కాదు. ఈయన ఇంకా కిందకి, లిటిల్ అండమాన్‌లోని హట్‌బేకి వెళ్లాడు. అక్కడ అడవి కొట్టి పామాయిలు తోట వేస్తున్నారు, కూలి దొరుకుతుందని. అది ఓంగే జనం దీవి. వాళ్లిప్పుడు వందమందికి కాస్త అటూ ఇటూ.

"గర్జన్ మానులు బావూ. నలుగురు సేతులు కలిపినా అందవు. పడతాంటే నేలదిరేది. ఏనుగులు లాక్కెళ్లీవి. ఒళ్లంతా జెలగలే. సొక్కా ఎండితే ఒట్టు."

"మరి తోటో?"

"సూడ్డానికి పచ్చగానే ఉంటాది. నోపల పిట్ట కూత ఇనపడదు."

ఆ తోట దాదాపు 1,600 హెక్టార్లు. ఆ దీవుల్లో అడవి నరకడం మీద సుప్రీంకోర్టు 2002లో ఆంక్షలు పెట్టింది, ఇలాంటి తోటలనీ క్రమంగా ఎత్తెయ్యమంది. 2021 ఆగస్టులో కేంద్రం ఆయిల్‌పామ్ మిషన్ ప్రకటిస్తూ ఈశాన్య రాష్ట్రాలతో పాటు ప్రత్యేకంగా దృష్టి పెట్టిన చోటు మళ్లీ అండమానే! ఈ మాట చెప్పినప్పుడు చిన్నతాత నవ్వలేదు.

అసలు గొడవ పోయిన సంక్రాంతికి మొదలైంది. ఊళ్లో మాకున్న ఎకరన్నరలో ఆయిల్‌పామ్ వేస్తానన్నాడు నాన్న. ఎప్పుడూ నువ్వులు వేసే చేను అది. వద్దన్నాను. ఎందుకు వద్దంటే నా దగ్గర గట్టి జవాబు లేదు. ఆయిల్‌పామ్ హెక్టారుకి నాలుగు టన్నుల దాకా నూనె ఇస్తుంది, నువ్వులు అందులో పదో వంతు కూడా ఇవ్వవు. చేను ఎలాగూ చేనే, అడవి కాదు. ఇక్కడ పండితే అక్కడ నరకడం కాస్త తగ్గుతుందేమో కూడా. ఈ లెక్క నాన్న చెప్పలేదు, నాకు నేనే చెప్పుకున్నాను. అదే నచ్చలేదు నాకు.

"నువ్వు తినవా బజ్జీలు?" అన్నాడు నాన్న. తింటాను. హైదరాబాదులో కొనుక్కునే బిస్కెట్లోనూ సబ్బులోనూ అదే ఉంటుందని ఇప్పుడు తెలుసు కూడా.

చిన్నతాత అడవి ఊసెత్తలేదు. "నీల్లెక్కడివిరా దానికి?" అన్నాడంతే. నువ్వు చేను వాన మీద బతుకుతుంది. ఆయిల్‌పామ్ చెట్టుకి ఎండాకాలంలో రోజుకి రెండొందల లీటర్ల దాకా కావాలి. హెక్టారుకి 143 చెట్లు. గెల కోసిన రోజో మర్నాడో మిల్లుకి చేరాలి, లేకపోతే నూనె చెడిపోతుంది. కాపు రావడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. వచ్చాక పాతికేళ్లు ఆ నేలని ఇంక దేనికీ వాడుకోలేం. నాన్నకిప్పుడు యాభై ఎనిమిది.

దరఖాస్తు పెట్టేశాడు. మొన్న ఫోన్ చేస్తే, బోరు చూసి వెళ్లారనీ, మొక్కలు వానలు పడ్డాక ఇస్తారనీ చెప్పాడు. మరి ఈలోగా చేను ఖాళీగా ఉంచావా అని అడిగాను.

"ఖాళీగా ఎందుకుంటాదిరా, నువ్వులు జల్లీసినాను" అన్నాడు.