అచల

అమరకోశమునందు భూమికి గల పేర్లలో ‘అచల’ యొకటి. కదలనిది యని దాని యర్థము. బాల్యమున ఆ నామములను వల్లెవేసిన నేను, భూమి సెకనునకు సుమారు 30 కిలోమీటర్ల వేగమున సూర్యుని చుట్టును పరుగిడుచున్నదని నేడు బడిలో బోధించుచున్నాను.

ఆర్యభటుడు తన యిరువదిమూడవ యేట, 499లో, ‘ఆర్యభటీయము’ రచించెను. పడవలో ముందునకు పోవువానికి ఒడ్డుననున్న వస్తువులు వెనుకకు పోవుచున్నట్లు తోచును. నక్షత్రములు పడమటికి పోవుచున్నట్లు మనకు తోచుటయు నట్టిదే యని యందు చెప్పెను. వరాహమిహిరుడు దీని నంగీకరింపలేదు. భూమియే తిరుగునేని గూడు విడిచి యెగిరిన పక్షి మరల గూటికెట్లు చేరునని యాక్షేపించెను. ఆ ప్రశ్న తెలివితక్కువది కాదు. గాలియు, గూడును, పక్షియు భూమితోడనే కదలుచున్నవని తెలిసినగాని దానికి సమాధానము లేదు.

పోయిన యేడు శ్రావణమున మా యింట వరలక్ష్మీవ్రతము జరిగెను. భర్తను గోల్పోయి నాలుగేండ్లైన నా చెల్లెలు తెల్లవారుజామున లేచి పిండివంటలన్నియు చేసినది. తాంబూలము లిచ్చువేళకు మా మేనత్తగారు కనుసైగ చేసిరి. చెల్లెలు మాటాడక వంటయింటిలోనికి పోయినది. నేను చూచితిని; చూచియు ఊరకుంటిని.

ఆ రాత్రి నా కుమార్తె, “నాన్నా, అత్త యెందుకు లోపలికి వెళ్ళినది?” అని యడిగినది.

“ఎప్పటినుండియో వచ్చుచున్న ఆచారమమ్మా” అంటిని.

ఆ ‘ఎప్పటినుండియో’ యను మాట నన్ను నిద్రపోనీయలేదు. మా ముత్తవకు శిరోముండనము చేయించిరి. మా నాయనమ్మకు జుట్టు నిలిచినది గాని తెల్లచీరయు, ఏకభుక్తమును తప్పలేదు. నా చెల్లెలికి రంగుచీర యున్నది, ఉద్యోగమున్నది. తాంబూలపు పళ్ళెము మాత్రము లేదు. మూడు తరములలో ఒక్కనాడైనను ఒక్కచోట నిలువని దానిని నేను స్థిరమంటిని!

అది దానంతట కదలలేదు. వితంతు పునర్వివాహమును 1856లో చట్టము సమ్మతించినది. అటుపిమ్మట పాతికేండ్లకు, 1881 డిసెంబరు 11న, వీరేశలింగం పంతులుగారు రాజమహేంద్రవరమున అట్టి వివాహమును జరిపించి, బంధువుల వెలిని, ఊరివారి నిందను సహించిరి. వారు తెడ్డు వేసిన పడవలో సుఖముగా కూర్చుండి, నేను మాత్రము కదలక నిలిచితినని భ్రమించితిని. ఇదివరకు జరిగిన మార్పు నాకు ఆచారముగా కనబడినది. ఇక జరుగవలసిన మార్పు అనాచారముగా తోచినది.

ఈ శ్రావణమున మొదటి తాంబూలమును నా భార్య చెల్లెలి చేతికిచ్చినది. నేను ప్రక్కనే నిలిచితిని. చెల్లెలి చేతిలో పళ్ళెము వణకినది. కంట నీరు పెట్టుకొన్నదేగాని లోపలికి పోలేదు.

మేనత్తగారు భోజనము చేయకయే వెళ్ళిపోయిరి. చిన్ననాడు నన్ను ఎత్తుకొని పెంచిన చేతులవి. ఆమె ఆకలితో గడప దాటుట నాకు మిక్కిలి కష్టమైనది. ఆచారము కదలిన యింటికి మరల దారి యుండదని ఆమె భయము కాబోలు. మరునాడు నేనే పోయి పిలిచి వచ్చితిని. ఇంకను రాలేదు. వత్తురనియే నా నమ్మకము. గూడు మనతోడనే కదలుచున్నది.