వైశాఖంలో వేగం

వస్తువు మీద అచ్చువేసిన అంకెను మనం వేదవాక్కులా నమ్ముతాం. లిఫ్టులో ‘ఆరుగురు మాత్రమే’ అని రాసి ఉంటే ఏడో మనిషి కాలు పెట్టగానే ఉలిక్కిపడతాం. అదే మనం, ముగ్గురు ఎక్కవలసిన ఆటోలో ఏడుగురం సర్దుకుని, ఎనిమిదో ఆసామికి డ్రైవరు పక్కన చోటు చూపిస్తాం. కంప్యూటరు విషయంలో మొదటి స్వభావం నాది, రెండోది మా ఆడపడుచు కొడుకుది. ఆ రెండిటికీ మా ఇంట్లో జరిగిన వాదమే ఈ నాలుగు మాటలూ.

2018లో వాడు మా ఇంట్లో ఉండి, విజయవాడలో ఇంజనీరింగు రెండో సంవత్సరం చదువుతున్నాడు. తండ్రి పోయి అప్పటికి మూడేళ్ళు. పుస్తకాలకూ, బస్సుకూ, పరీక్ష ఫీజుకూ మా ముందు చెయ్యి చాచడం వాడికి ఇష్టం లేదు. అందుకని ఒక ఫోటో స్టూడియో యజమాని దగ్గర పెళ్ళి వీడియోలు కూర్చే పని కుదుర్చుకున్నాడు. జీలకర్రా బెల్లమూ, తలంబ్రాలూ, భోజనాల బంతీ, అప్పగింతలూ – ఇవన్నీ వరసన అతికించి, వెనక సన్నాయి పెట్టి, చివరకు ఒక్క ఫైలుగా దింపాలి. ఆ చివరి పనికి వాడి పాత కంప్యూటరు ఒక పగలూ ఒక రాత్రీ తీసుకునేది. అసలు పెళ్ళి అంతకంటే తొందరగా అయిపోయి ఉంటుంది!

నలభై వేలు దాటకుండా కొత్తది కూర్చుకుంటానన్నాడు. సగం వాడు దాచుకున్నది, సగం నాకు వచ్చిన డి.ఏ. బకాయి. “అప్పుగానే సుమా, అత్తయ్యా” అని ముందే షరతు పెట్టాడు. మావారిని వెంటబెట్టుకుని సికింద్రాబాదు పార్క్ లేన్‌లో ఉన్న చెనాయ్ ట్రేడ్ సెంటరుకు వెళ్ళి విడి భాగాలు తెచ్చాడు. చిప్పు ఏ.ఎం.డి. వారి రైజెన్ 5 1600. అది 2017 ఏప్రిల్‌లో బజారుకు వచ్చింది; మరుసటేడు దాని తమ్ముడు పుట్టడంతో ధర దిగింది. దానికి బి350 రకం మదర్‌బోర్డు, ఏడు వేల లోపు.

ఆ చవక బోర్డులోనే ఉంది కిటుకంతా. ఇంటెల్ వారి పద్ధతిలో వేగం పెంచుకోవాలంటే పేరు చివర ‘కె’ అక్షరం ఉన్న ఖరీదైన చిప్పూ, ‘జెడ్’ రకం ఖరీదైన బోర్డూ కొనుక్కోవాలి. ఏ.ఎం.డి. వారు మాత్రం రైజెన్ చిప్పులన్నిటికీ తాళం తీసేసి, అన్నిటికంటే కింది మెట్టు ఎ320 బోర్డును మినహాయించి, మధ్యతరగతి బి350కి కూడా తాళంచెవి ఇచ్చారు. మధ్యతరగతి అనే మాట వినగానే నాకు ఆ బోర్డు మీద కొంచెం అభిమానం కలిగిన మాట నిజం.

ఈ వేగం పెంచే విద్యను ఓవర్‌క్లాకింగ్ అంటారు. ఎం.ఏ. తెలుగు చదివిన పాపానికి, ఆ మాటకు తెలుగేమిటా అని రెండు రోజులు ఆలోచించాను. ఇక్కడ క్లాకు అంటే గోడ గడియారం కాదు, తాళం అనుకోవచ్చు. మదర్‌బోర్డు సెకనుకు పది కోట్ల దెబ్బలు వేస్తుంది. చిప్పు ఒక్కొక్క దెబ్బనూ తనలో ముప్పై రెండుగా విడగొట్టుకుంటుంది. సెకనుకు 320 కోట్ల దెబ్బలయ్యాయి గదా! దాన్నే 3.2 గిగాహెర్ట్జులని పెట్టె మీద రాస్తారు. ఆ ముప్పై రెండును ముప్పై ఎనిమిది చేస్తే వేగం 3.8. మధ్యమకాలంలో పాడే కీర్తనను దురితకాలానికి ఎత్తినట్టు. కీర్తన అదే, గొంతూ అదే. గొంతు తట్టుకోవాలి, అంతే.

“అంత సత్తా ఉంటే తయారుచేసినవాడే రాసుకోడట్రా?” అన్నాను.

“అది సత్తా కాదు అత్తయ్యా, హామీ” అన్నాడు వాడు. ఒకే సిలికాను పళ్ళెం మీద వందల చిప్పులు తయారవుతాయట. ఒక వాయలో వేసిన గారెలే అయినా రెండు ఒక్కలా ఉండవు గదా! ఒక్కొక్కదాన్నీ పరీక్షించి, వేగాన్నిబట్టి తరగతులుగా విడదీస్తారు. ఒక తరగతిలో అన్నిటికన్నా బలహీనమైనది కూడా, ఏ దేశంలోనైనా, ఏళ్ళ తరబడి తప్పు చేయకుండా నడిచే వేగమేదో అదే పెట్టె మీద అచ్చవుతుంది. బజారులో చవక సరుకుకు గిరాకీ ఎక్కువైతే, పై తరగతికి తగిన చిప్పు మీద కూడా కింది తరగతి ముద్రే పడుతుంది.

దీనికి వాళ్ళలో ఒక పురాణగాథ కూడా ఉంది. 1998 ఆగస్టులో ఇంటెల్ వారు సెలెరాన్ 300ఎ అనే చిప్పును 149 డాలర్లకు విడుదల చేశారు. దాని వేగం 300 మెగాహెర్ట్జులు. బోర్డు తాళాన్ని 66 నుంచి 100కి మారిస్తే అది 450కి ఎగిరేది. అదే రోజున అదే కంపెనీ విడుదల చేసిన 450 మెగాహెర్ట్జుల పెంటియం 2 ధర 669 డాలర్లు! ఆబిట్ అనే తైవాను కంపెనీ బి.హెచ్.6 అనే బోర్డులో ఈ మార్పుకు స్క్రూడ్రైవరు కూడా అక్కర్లేకుండా తెర మీదే వీలు కల్పించింది. ఇక కుర్రకారు ఊరుకుంటారా?

మావాడు పని మొదలుపెట్టిన తీరు చూస్తే నాకు అరిసెల పాకం గుర్తొచ్చింది. ఒక్కసారి మంట పెంచడు. పావు మెట్టు పెంచడం, ఆగడం, చూడడం. ప్రైమ్95 అనే ప్రోగ్రాం ఉంది. అది అసలు పెద్ద పెద్ద ప్రధాన సంఖ్యలను వెతకడానికి పుట్టింది. 1996 నుంచి లోకమంతటా ఔత్సాహికులు దానితో వెతుకుతున్నారు. జవాబు ముందే తెలిసిన భారీ లెక్కలను అది చిప్పు చేత గంటల తరబడి చేయిస్తుంది. ఒక్క అంకె తేడా వచ్చినా ఆ వేగం పనికిరాదన్నమాట. కంప్యూటరు బిగుసుకుపోతే బోర్డు మీద ఉన్న బిళ్ళ బ్యాటరీ పీకి, కాసేపాగి మళ్ళీ పెడతాడు. అది పాతవన్నీ మరచిపోయి మొదటి వేగానికి వస్తుంది. ముదిరిన పాకానికి ఆ అదృష్టం లేదు.

అయితే ఉచితంగా ఏదీ రాదు. వేగం పెంచితే చిప్పుకు ఇచ్చే వోల్టేజీ కూడా పెంచాలి. వేడి మాత్రం వోల్టేజీ వర్గాన్నిబట్టి పెరుగుతుంది. వాడు కాగితం మీద లెక్క వేసి చూపించాడు. అన్ని కోర్లూ పనిచేస్తున్నప్పుడు చిప్పు తనంతట తానే 3.4కు పోతుంది; అప్పుడు 1.2 వోల్టులు. 3.8కి పోవాలంటే 1.35 వోల్టులు కావాలి. వేగం నూటికి పన్నెండు వంతులు పెరిగింది. వేడి నలభై ఒక్క వంతులు పెరిగింది! ఈ బేరం నాకు నచ్చలేదు.

పైగా ఆ భారం చిప్పుదొక్కటే కాదు. పన్నెండు వోల్టుల కరెంటును ఒకటింబావు వోల్టుకు దించే చిన్న చిన్న భాగాలు బోర్డు మీద ఉంటాయి. నూరు వాట్లను 1.35 వోల్టుల దగ్గర ఇవ్వాలంటే డెబ్బై ఆంపియర్లు దాటాలి. మన ఏసీ ప్లగ్గు పదహారు ఆంపియర్లు! ఖరీదైన బోర్డులో ఈ బరువు మోసేవాళ్ళు ఎక్కువమంది, నెత్తిన చల్లబరిచే లోహపు పలకలూ ఉంటాయి. చవక బోర్డులో కూలీలు తక్కువ, గొడుగూ తక్కువే. ఓవర్‌క్లాకింగ్ వల్ల చిప్పు పాడైతే తయారీదారు హామీ వర్తించదు కూడా.

ధనుర్మాసంలో వాడు 3.8 దగ్గర స్థిరపడ్డాడు. రాత్రంతా లెక్కలు చేయించినా ఒక్క తప్పు రాలేదు. మొదట్లో ఆరు గంటలు పట్టే పెళ్ళి ఇప్పుడు అయిదు గంటల ఇరవై రెండు నిమిషాలకు దిగింది. ముప్పై ఎనిమిది నిమిషాలేగా అంటారేమో. రాత్రి పదకొండింటిదాకా కూర్చి, తెల్లవారి అయిదుకు ఫైలు చేతికొస్తే, దాన్ని పెన్‌డ్రైవులోకి ఎక్కించి, స్టూడియోలో ఇచ్చి, ఆరింటికి కాలేజీ బస్సు అందుకోవలసిన కుర్రవాడికి అది చిన్న సంగతేమీ కాదు. ఫిబ్రవరికల్లా నా అప్పు తీర్చేశాడు.

తరవాత 2019 వైశాఖం వచ్చింది. మా బెజవాడ ఎండల గురించి మీకు వేరే చెప్పనక్కర్లేదు. పెళ్ళిళ్ళూ అప్పుడే, వాడి పరీక్షలూ అప్పుడే. వాడి గదిలో ఏసీ లేదు. గది ఎన్ని డిగ్రీలు వేడెక్కితే చిప్పు కూడా దాదాపు అన్ని డిగ్రీలూ పైకి పోతుంది. ఒక రాత్రి మూడున్నరకు, ఇంకో గంటలో పని అయిపోతుందనగా, తెర నీలంగా మారి అంతా ఆగిపోయింది. ఆ పెళ్ళివారి అబ్బాయి మర్నాడు సాయంత్రం అమెరికా విమానం ఎక్కాలి. తెల్లవార్లూ కూర్చుని, మొదటి వేగంలోనే మళ్ళీ దింపి, బస్సు తప్పించుకుని మరీ ఇచ్చి వచ్చాడు. స్టూడియో యజమాని నాలుగు మాటలన్నాడు. ఆ డబ్బు పరీక్ష ఫీజుకు అనుకున్నది; నెల తిరిగాక గాని ఇవ్వలేదు. ఫీజు నేను కట్టాను. ఈసారి అప్పన్న మాట వాడు ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

ఆ మధ్యాహ్నం కంచం ముందు కూర్చుని కునుకుతున్నాడు. “ఇంకో రెండు పెళ్ళిళ్ళు ఒప్పుకుంటే నష్టం పూడుతుందేమో” అన్నారు మావారు, మంచి ఉద్దేశంతోనే. వాడు తలెత్తి, “నాకు బ్యాటరీ పీకి పెట్టే చోటు లేదు మామయ్యా” అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. మేం ఎవరం నవ్వలేదు.

ఆ వారమే రెండు పనులు చేశాడు. చిప్పును 3.7కు, వోల్టేజీని 1.275కు దించాడు. దానితో వేడి నూటికి పదమూడు వంతులు తగ్గింది. పోగొట్టుకున్న సమయం ఎంతని అడిగితే, తొమ్మిది నిమిషాలన్నాడు! ఆ తొమ్మిది నిమిషాల కోసమే మొత్తం రాత్రి పోయింది. రెండో పని, పరీక్షలయ్యేదాకా వారానికి ఒక్క పెళ్ళేనని స్టూడియోలో చెప్పి వచ్చాడు. ఆయన గొణిగి ఒప్పుకున్నాడు.

పాఠాలు చెప్పేదాన్ని గనక దీన్ని నేను మా తరగతి గదికి అన్వయించుకోకుండా ఉండలేను. మార్కుల కాగితం మీద అంకె కూడా హామీయే, సత్తా కాదు. ఆ అంకె కంటే ఎక్కువ చేయగల పిల్లల్ని ఇరవై ఏళ్ళుగా చూస్తున్నాను. ఒకే బెంచీలో ఒకే మార్కులతో కూర్చున్న ఇద్దరిలో ఒకడు ఇంకో మెట్టు ఎక్కగలడు, ఒకడు ఎక్కలేడు. మెల్లగా, ఒక్కొక్క మెట్టే ఎక్కించి చూస్తే గాని తెలియదు. అందుకే ‘వీడింతే’ అన్నవాళ్ళతో నేను ఒప్పుకోను. కాని తెల్లవారుజామున నాలుగింటికి లేపి రాత్రి పదకొండుదాకా కూర్చోబెట్టే తల్లిదండ్రులు వచ్చి, “చలికాలంలో బాగానే చదివాడండీ, ఇప్పుడేమైందో” అంటుంటే మాత్రం, చివరి తొమ్మిది నిమిషాల ధర ఎంతో వాళ్ళకు ఎలా చెప్పాలా అని ఆలోచిస్తాను.

ఇప్పటి చిప్పులు తమ వేడిని తామే చూసుకుంటూ, వీలున్నంత వేగాన్ని తామే తీసుకుంటున్నాయి. మనం పెంచడానికి మిగిలేది తక్కువ. మావాడు ఉద్యోగంలో చేరి కొత్తది కొనుక్కున్నాడు. పాతది మా అమ్మాయికి వచ్చింది, ఇప్పటికీ 3.7 దగ్గరే నడుస్తోంది. మొన్న దుమ్ము దులపడానికి పక్క మూత తీస్తే లోపల వాడి చేతిరాతతో ఒక చీటీ అంటించి ఉంది: ‘ఇది మే నెల లెక్క. డిసెంబరులో ఆశపడి మార్చవద్దు.’