రెక్కల మధ్య కుంపటి

గబ్బిలం అనగానే మనలో చాలామందికి ఊరి చివర చింతచెట్టు, దానికి తలకిందులుగా వేలాడే నల్లటి మూటలు గుర్తొస్తాయి. పొద్దున్నే పెరట్లో సగం కొరికిన జామపండు కనబడితే అది వాటి పనే. అవి పండ్లు తినే పెద్ద రకం. తెనాలిలో ఏ నెలలోనైనా ఏదో ఒక పండు దొరుకుతుంది కనుక వాటికి చలికాలం బెంగ లేదు. మా న్యూజెర్సీ గబ్బిలాలు అలా కాదు. ఇవన్నీ పురుగుల్ని తిని బతికేవి, నవంబరు దాటితే పురుగులుండవు. కొన్ని జాతులు మనల్ని చూడడానికి వచ్చిన పెద్దవాళ్ళ లాగే చలి మొదలవగానే ప్రయాణం కడతాయి. మిగిలినవి గుహల్లో, మూతపడ్డ గనుల్లో చేరి నిద్రపోతాయి.

అలాంటి గని ఒకటి రాకవే టౌన్‌షిప్‌లో ఉంది, పేరు హైబర్నియా. శీతనిద్రను హైబర్నేషన్ అంటారు కాబట్టి ఆ పేరొచ్చిందనుకునేరు, హైబర్నియా అంటే లాటిన్‌లో ఐర్లండ్! పాత ఇనుప గని అది. 1994లో దాని నోటికి ఊచల గేటు పెట్టారు. ఊచల మధ్య నుంచి గబ్బిలం దూరుతుంది, మనిషి దూరలేడు. ఒక ఆదివారం పిల్లల్ని తీసుకెళ్ళి బయటి నుంచే చూపించాం.

అక్కడ ఎక్కువగా ఉండేది చిన్న గోధుమ గబ్బిలం. రెండు నికెల్ నాణేలంత బరువు. ఎగిరేటప్పుడు నిమిషానికి వందల సార్లు కొట్టుకునే గుండె, నిద్రలో పది ఇరవై సార్లే కొట్టుకుంటుంది. ఒళ్ళు గుహ గోడంత చల్లబడిపోతుంది, సున్నాకు నాలుగైదు డిగ్రీలు పైన. అయినా రెండు మూడు వారాలకోసారి లేస్తుంది. గంటలోపే మళ్ళీ మనంత వెచ్చగా అయిపోతుంది.

కార్లో తిరిగొస్తుంటే మా అబ్బాయి అడిగాడు: "అమ్మా, చలేస్తే మనం వణికి వేడి తెచ్చుకుంటాం. అంత చల్లబడ్డ కండరం సరిగ్గా వణకను కూడా వణకలేదు కదా. మరి మొదటి వేడి ఎక్కడిది?"

మంచి ప్రశ్న. నాకు పదో తరగతిలో కూడా ఇలాంటిది తట్టలేదు. జవాబు దాని భుజాల మధ్య ఉంది. అక్కడ గోధుమరంగు కొవ్వు చిన్న ముద్దగా ఉంటుంది. 1551లోనే కాన్రాడ్ గెస్నర్ అనే స్విస్ పండితుడు మార్మాట్ అనే జంతువులో దాన్ని గుర్తించాడు గానీ, అది చేసే పని తెలియడానికి నాలుగు వందల ఏళ్ళు పట్టింది. మామూలు కణం మన నాగార్జునసాగర్ లాంటిది. ఆహారాన్ని మండించిన శక్తితో ప్రోటాన్లను ఒక పొరకు అవతల నిలవ చేస్తుంది, అవి వెనక్కి దూకేటప్పుడు టర్బైన్ తిప్పించి, ఒంటికి కావలసిన 'కరెంటు' తీసుకుంటుంది. గోధుమ కొవ్వులో మాత్రం థెర్మోజెనిన్ అనే ప్రోటీను క్రస్ట్ గేట్లు ఎత్తేస్తుంది. టర్బైన్ తిరగదు, శక్తంతా వేడిగా మారుతుంది. ఆ వేడి నెత్తుటితో ముందు గుండెకు, మెదడుకు చేరుతుంది. తోక వైపు అప్పటికింకా చల్లగానే ఉంటుంది! ముందు భాగం కాస్త వెచ్చబడ్డాక ఎగిరే కండరాలు వణకడం మొదలుపెట్టి మిగతా పని పూర్తి చేస్తాయి.

"ఓసి, కుంపటి రాజేసి పొయ్యి అంటించినట్టన్నమాట," అంది మా అమ్మ వెనక సీట్లోంచి. నేను అంత సులువుగా చెప్పలేకపోయాను.

అన్నట్టు పిల్లలూ, ఆ కుంపటి మీకూ ఉండేది. పుట్టిన పసిబిడ్డ సరిగ్గా వణకలేదు, భుజాల మధ్య ఉన్న ఈ కొవ్వే కాపాడుతుంది. మా అమ్మాయి పుట్టినప్పుడు పురుటికి వచ్చిన అమ్మ, ఫర్నేస్ నడుస్తున్నా సరే పాత చీర మడతల్లో బిడ్డ వీపు గట్టిగా చుట్టేది. పెద్దయ్యాక ఇది పూర్తిగా పోతుందని చాలాకాలం అనుకున్నారు. కొందరు పెద్దవాళ్ళలోనూ పనిచేస్తూ ఉంటుందని 2009లో రుజువైంది.

మాకు మాత్రం 2009 అంటే మా వారి ఉద్యోగం పోయిన ఏడాది. ఆరు నెలలు సేవింగ్స్ మీదే బతికాం, ప్రతి చెక్కూ రాసే ముందు ఇద్దరం మొహాలు చూసుకునేవాళ్ళం. గబ్బిలం బతుకూ అంతే. శరదృతువులో వేసుకున్న కొవ్వే దాని బ్యాంకు ఖాతా, వసంతం దాకా జీతం లేదు. ఆ ఖాతాలో ముప్పాతిక వంతుకు పైగా నిద్రకు కాదు, మెలకువలకే ఖర్చవుతుంది. 2006 ఫిబ్రవరిలో ఆల్బనీ దగ్గరి హౌస్ గుహలో తీసిన ఫొటోలో ముక్కు మీద తెల్ల బూజు పట్టిన గబ్బిలాలు కనిపించాయి. యూరప్ నుంచి వచ్చిన ఆ బూజు చర్మాన్ని తొలిచి, వాటిని పదే పదే లేపుతుంది. లేచిన ప్రతిసారీ కుంపటి రాజెయ్యాలి. ఫిబ్రవరికే ఖాతా ఖాళీ, బయట మంచు. ఆకలితో పట్టపగలే ఎగిరి రాలిపోయాయి. 2009 జనవరికల్లా ఈ జబ్బు న్యూజెర్సీ చేరింది. హైబర్నియాలో పాతిక వేలకు పైగా ఉండే గబ్బిలాలు కొన్నేళ్ళలో కొన్ని వందలయ్యాయి.

తర్వాత ఒక జనవరిలో మా అటక మీద ఒకటి కనబడింది. ఇళ్ళలో చలికాలం గడిపే పెద్ద గోధుమ రకం. మా అమ్మాయి షూ బాక్సు, టవల్ తెచ్చి హీటర్ దగ్గర పెడదామంది. వద్దన్నాను. రేబిస్ భయం ఉంది కాబట్టి గబ్బిలాన్ని చేత్తో తాకకూడదు. పడుకున్న గదిలో కనబడితే వెంటనే హెల్త్ డిపార్ట్‌మెంటుకి ఫోన్ చెయ్యాలి. కానీ ఇది అటక మీద నిద్రపోతోంది. మనం పెట్టే వెచ్చదనానికి లేస్తే దాని ఖాతాలోంచే పోతుంది. లైటు తీసేసి, తలుపు గట్టిగా మూసి, మెట్ల మీద కాళ్ళు చప్పుడు కాకుండా దిగాం. కన్నం పూడ్చడం వేసవి చివర, వాటి పిల్లలు ఎగరడం నేర్చాక పెట్టుకున్నాం.

ఇంట్లో గబ్బిలం ఉంటే ఇల్లు పాడుపడుతుందని నమ్మే మా అమ్మ, ఆ మార్చి నెలంతా తెనాలి నుంచి ఫోన్ చేసినప్పుడల్లా పిల్లల క్షేమం తర్వాత అడిగింది ఒకటే: "లేచిందా అది?"