అమ్మ అనలేని మాట

మా అమ్మ జన్మలో బీడీ ముట్టలేదు. అయినా మిర్యాలగూడలో డాక్టరుగారు ఆమె దగ్గు విని అడిగిన మొదటి మాట, "ఇంట్లో ఎవరు తాగుతారమ్మా?" అమ్మ తల దించుకుంది. పక్కనే కూచున్న నాయిన జేబు తడుముకున్నాడు. "మీరు వదిలిన పొగే ఆమె పీలుస్తోంది" అన్నారు డాక్టరుగారు.

సూర్యాపేటలో మాది రెండు గదుల ఇల్లు. రాత్రి అన్నం తిన్నాక నాయిన మంచం మీదనే బీడీ ముట్టించేవాడు. అమ్మ లేచి కిటికీ తెరిచేది. దాంతో పొగ పోయిందనుకునేవాళ్లం.

పోదు. జపాన్‌లో హిరాయామా అనే పరిశోధకుడు పొగ తాగని 91,540 మంది భార్యల ఆరోగ్యాన్ని 14 ఏళ్లు గమనించాడు. భర్త బాగా తాగే ఇళ్లలో భార్యలకు ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు ఎక్కువని 1981లోనే చెప్పాడు. మన దగ్గర 2008 అక్టోబర్ 2 నుంచి బస్టాండులో, హోటల్లో, ఆఫీసులో తాగితే 200 రూపాయల దాకా జరిమానా. మరి ఇంట్లో? అక్కడికి ఆ చట్టం రాదు. ఇంట్లోవాళ్లే నోరు తెరవాలి.

మొన్న కోదాడలో అక్కకు కొడుకు పుట్టాడు. నాయిన బీడీ వాసనతోనే మనవణ్ణి ఎత్తుకోబోయాడు. అక్క బిడ్డను వెనక్కి తీసుకుంది.

"నాయినా, ఈ ఇంట్ల బీడీ వద్దు. బయట తాగినా చేతులు, మొహం కడుక్కొని రా."

నాయిన ఒక్క మాట అనలేదు. బోరింగు దగ్గరికి నడిచాడు.

అమ్మ మాత్రం అక్కనే చూస్తూ ఉండిపోయింది. ముప్పై ఏళ్లుగా ఆమె గొంతులో దగ్గుతోపాటు ఆగిపోయిన మాట అది.